టైటానియం పూత మీద ఎముక కణాలు తగ్గాయా? పూత మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. గ్రేడ్ 5 టైటానియం (ఇంప్లాంట్లకి వాడే మిశ్రలోహం) బిళ్లల మీద సోల్-జెల్ పద్ధతిలో, అంటే రసాయన ద్రావణంలో ముంచి తీసి వేడి చేసి, హైడ్రాక్సీ అపటైట్ (ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం ఫాస్ఫేట్) పూత వేశారు. దాని మీద ఎంజీ-63 అనే ఎముక తరహా కణాలు వేసి, 24 గంటల తర్వాత ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాలను రంగుతో కొలిచేది) చేస్తే, పూత వేసిన బిళ్ల కంటే ఏమీ వేయని బిళ్ల మీదే రీడింగు ఎక్కువ వచ్చింది. మీ గైడ్ నానోట్యూబులకి (టైటానియం మీదే పెంచే అతి సన్న గొట్టాలకి) మారమంటున్నారు, సీనియర్ పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) అతికించమంటున్నారు, ఇంకొకరు అసలు టైటానియమే వదిలేసి పీక్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పాలిమర్ తీసుకోమన్నారు. ఇంతకీ ఎముక కణాలకి అన్నిటికన్నా నప్పే పూత ఏది అని మీ ప్రశ్న.

ఈ పూతలతో కుస్తీ పడుతూ పదిహేనేళ్లకు పైనే గడిపాను కాబట్టి సూటిగానే చెప్తాను. ఇప్పుడప్పుడే పూత మార్చకండి. మారిస్తే ఇదే తలనొప్పి ఇంకో పేరుతో మళ్లీ వస్తుంది. ఆ ఒక్క అంకె చూసి పూత మంచిదో చెడ్డదో తేల్చలేం. పైగా "ఏ పూత మంచిది" అన్నదానికి ఒక పదార్థం పేరు చెప్పి ఊరుకుంటే అది జవాబు అవ్వదు. ప్లేటులో గానీ ఒంట్లో గానీ, కణం వచ్చి వాలే సమయానికి ఆ పూత ఏ స్థితిలో ఉందో చూడాలి. మన తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి.

కణం మీ పూతను నేరుగా ముట్టుకోదు, ముందు ఇది మనసులో పెట్టుకోండి. బిళ్లను మీడియాలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) వేయగానే మొదట నీళ్లు అంటుకుంటాయి, ఆ వెంటనే, సెకన్లలోనే, అందులో కలిపిన సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) లోని ప్రోటీన్లు వచ్చి పరుచుకుంటాయి. ఎక్కువ మోతాదులో ఉండే ఆల్బుమిన్ ముందు వచ్చి కూర్చుంటుంది, తర్వాత ఇంకా గట్టిగా పట్టుకునే పెద్ద ప్రోటీన్లు దాన్ని నెట్టేసి ఆ చోటు తీసుకుంటాయి. కణం వచ్చేసరికి కింద ఉన్నది ఈ ప్రోటీన్ల పొర. అందులో ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ లాంటివి సరైన భంగిమలో ఉంటే, వాటిలోని ఆర్జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల ముక్కను కణం తన ఇంటెగ్రిన్లతో, అంటే పైపొర మీదుండే పట్టు ప్రోటీన్లతో, పట్టుకుంటుంది. అవే ప్రోటీన్లు నీళ్లు అంటని ఉపరితలం మీద పడి, ఆకారం చెడి, ముడుచుకుపోయి ఉంటే, ఎంత ఉన్నా కణానికి పట్టు దొరకదు. అదే హైడ్రాక్సీ అపటైట్‌తో ఒక ల్యాబులో కణాలు చక్కగా పరుచుకోవడం, ఇంకో ల్యాబులో గుండ్రంగా ముడుచుకుని తేలిపోవడం నేను చూశాను. రెండింటి ఎక్స్-రే డిఫ్రాక్షన్ గ్రాఫులు (ఏ స్ఫటికాలున్నాయో చెప్పేవి) మాత్రం కవలల్లా ఉన్నాయి.

రెండో సంగతి, "పూత లేని టైటానియం" అంటూ ఏదీ లేదు. గాలి తగిలిన మరుక్షణం దాని మీద కొద్ది నానోమీటర్ల మందంతో టైటానియం డయాక్సైడ్ పొర ఏర్పడిపోతుంది. తుప్పు పట్టకుండా కాపాడేదీ, ఎముక ఒప్పుకునేదీ ఆ పొరనే. 1950లలో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముకలో రక్త ప్రసరణ చూడడానికి టైటానియం గదులు అమర్చాడు. పరిశోధన అయ్యాక వాటిని తీయబోతే ఊడి రాలేదు, ఎముక పట్టేసింది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం స్క్రూలు పెట్టింది ఆ గమనిక మీదనే. అంటే మీరు మీ పూతను పోలుస్తున్నది అనామకుడితో కాదు, ఈ రంగంలో అందరికన్నా అనుభవమున్న పోటీదారుతో. అది గెలిచిందంటే మీ పూత ఓడినట్టేనని కంగారు పడనక్కర్లేదు.

ఆ పోటీదారుకి కూడా ఒక బలహీనత ఉంది, చిన్న పరీక్షతో మీరే చూడొచ్చు. ఆమ్లంతో ఇప్పుడే శుభ్రం చేసిన బిళ్ల మీద ఒక నీటి చుక్క వేయండి, చాపలా పరుచుకుంటుంది. అదే బిళ్లను మూత పెట్టిన డబ్బాలో రెండు మూడు వారాలు ఉంచి మళ్లీ చుక్క వేయండి. తామరాకు మీద నీటిబొట్టులా అంత ఎత్తున కాకపోయినా, స్పష్టంగా ఉబ్బి నిలబడుతుంది. మధ్యలో జరిగిందల్లా గాలిలోని హైడ్రోకార్బన్లు వచ్చి చేరడమే. కంటికి ఏ తేడా కనపడదు, ప్రోటీన్లకి మాత్రం అది వేరే ఉపరితలం. దంత ఇంప్లాంట్లలో కొన్నిటిని తయారైన వెంటనే ఉప్పునీటిలో ముంచి సీల్ చేసి అమ్మేది ఇందుకే. అతినీల లోహిత కాంతి పడితే ఆ మురికి పోయి మళ్లీ నీళ్లు అంటుకునే గుణం వస్తుంది. కాబట్టి అడుగుతున్నాను, మీ పూత బిళ్లలు ఎప్పటివి, పూత లేనివి ఎప్పటివి? ఒకటి నిన్న తోమింది, ఒకటి నెల కిందటిది అయితే మీరు పోల్చింది పూతలను కాదు, వాటి వయసులను.

ఇక మీ కేసుకి వద్దాం. నేనైతే మొదట అనుమానించేది పూత వేడి చేసిన తీరుని. మీరు కాల్షియం నైట్రేట్‌తో మొదలుపెట్టి ఉంటే, వేడి సరిపోకపోతే నైట్రేట్ అవశేషాలు మిగులుతాయి, కాల్షియం-ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67 దగ్గర కుదరకపోతే కాల్షియం ఆక్సైడ్ విడిగా ఏర్పడుతుంది. కాల్షియం ఆక్సైడ్ అంటే మరేం కాదు, సున్నం. నీళ్లు తగలగానే పీహెచ్ పెరుగుతుంది, కణాలు మాడిపోతాయి. నా తొలి రోజుల్లో మూడు వారాల పని ఇలాగే బూడిదలో పోసిన పన్నీరైంది. కణాలు పోసి సాయంత్రం ఇంటికి వెళ్లాను, పొద్దున వచ్చి ప్లేటు తీస్తే పూత లేని బిళ్లల వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) మీడియా మామూలు ఎర్ర నారింజ రంగులో ఉంది, పూత ఉన్న ఆరు వెల్స్‌లో మాత్రం ముదురు గులాబీ రంగులోకి తిరిగి ఉంది, పీహెచ్ పెరిగిందనడానికి అది గుర్తు. మైక్రోస్కోపు కింద పెట్టాల్సిన పని కూడా లేకపోయింది. నేను మాత్రం ఆ రంగును పట్టించుకోకుండా, కణాల బ్యాచ్ బాలేదని ఇంకో రెండు సార్లు అదే చేశాను, మొండితనం. చివరికి పాత డిఫ్రాక్షన్ గ్రాఫు తీసి చూస్తే, 37.4 డిగ్రీల (ఇది వేడి కాదు, గ్రాఫులో కోణం) దగ్గర చిన్న శిఖరం మొదటి నుంచీ ఉంది. కాపర్ ట్యూబుతో తీసిన గ్రాఫులో అది కాల్షియం ఆక్సైడ్ గుర్తు. మీరూ ముందు అక్కడ చూడండి.

అక్కడ ఏమీ లేకపోయినా ఇంకో కారణం ఉండొచ్చు. తక్కువ వేడిలో తయారైన, స్ఫటికాలు సరిగా కట్టని అపటైట్ మీడియాలోంచి కాల్షియాన్ని, ఫాస్ఫేటును లాగేసుకుంటుంది, లేదా తానే కరిగి వదులుతుంది. చిన్న వెల్‌లో అర మిల్లీలీటరు మీడియా మాత్రమే ఉన్నప్పుడు ఈ ఎగుడుదిగుళ్లు కణాలకి బాగానే తెలుస్తాయి. ఒంట్లో రక్తం, ద్రవాలు నిత్యం మారుతూ ఉంటాయి కాబట్టి అక్కడ ఇంత తీవ్రత ఉండదు. మందు సులభమే: కణాలు వేసే ముందు బిళ్లలను ఒకటి రెండు రోజులు మీడియాలో నానబెట్టి, మధ్యలో రెండు మూడు సార్లు మీడియా మార్చండి. దీంతోనే ఫలితం తారుమారైన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఎంటీటీ సంగతి. 24 గంటల ఎంటీటీ ఎన్ని కణాలు బతికి చురుగ్గా ఉన్నాయో మాత్రమే చెప్తుంది. ఎముక కణాల విషయంలో అది సగం కథ కూడా కాదు. గరుకు ఉపరితలాల మీద ఎముక కణాల సంఖ్య తగ్గి, పరిపక్వత పెరగడం ఎన్నో ఏళ్లుగా తెలిసిన విషయం. పెరగడం, పరిణతి చెందడం ఒకేసారి జరగవు, ఒకటి నెమ్మదిస్తేనే రెండోది మొదలవుతుంది. నున్నటి బిళ్ల మీద ఎక్కువ కణాలు ఉన్నాయంటే అవి ఇంకా విభజన పనిలోనే ఉన్నాయని కూడా అర్థం కావచ్చు. అందుకే 1, 4, 7 రోజుల్లో కణాల లెక్క తీయండి, వీలైతే ఎంటీటీతో కాక డీఎన్ఏ కొలిచి. ఎందుకంటే ఎంటీటీలో వచ్చే ఊదారంగు స్ఫటికాలు రంధ్రాలున్న పూతలో ఇరుక్కుని పూర్తిగా కరగకపోతే రీడింగు ఉత్తినే తగ్గుతుంది. తర్వాత 7, 14 రోజులకి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (కణాలు పరిణతి చెందుతున్నాయని చెప్పే ఎంజైము), 21 రోజులకి కణాలు కట్టిన ఖనిజం కొలవండి.

ఆ ఖనిజం దగ్గర ఒక గుంట ఉంది, చాలామంది నిక్షేపంగా అందులో పడతారు. ఖనిజం చూడడానికి వాడే అలిజరిన్ రెడ్ అనే రంగు కాల్షియాన్ని పట్టి ఎర్రబడుతుంది. మీ పూతే కాల్షియం! కణాలు ఒక్కటి లేకపోయినా బిళ్ల ఎర్రగా మెరుస్తుంది, మనం సంబరపడి ఫోటో తీసి సెమినార్లో చూపిస్తాం. కణాలు వేయని పూత బిళ్లలను కూడా అదే మీడియాలో అన్ని రోజులూ ఉంచి, దాని రంగును తీసేసి లెక్కకట్టాలి. ఎంజీ-63 గురించి కూడా ఒక మాట: అవి కణితి నుంచి తీసిన కణాలు, ఖనిజం కట్టడంలో అంత గొప్పవి కావు. అతుక్కోవడం చూడడానికి సరిపోతాయి, ఎముక కడుతున్నాయని చెప్పడానికి మూలకణాలో ఎముక నుంచి నేరుగా తీసిన కణాలో కావాలి.

శరీర ద్రవాన్ని పోలిన ద్రావణంలో, అదే ఎస్‌బీఎఫ్‌లో, నానబెట్టి అపటైట్ పెరిగింది కాబట్టి ఎముక పడుతుందని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జపాన్‌లో కోకుబో బృందం ప్రాచుర్యంలోకి తెచ్చిన ఆ పరీక్ష 36.5 డిగ్రీలు, 7.4 పీహెచ్ దగ్గర చేస్తారు, పనికొచ్చేదే, కానీ అందులో ప్రోటీన్లూ లేవు, కణాలూ లేవు. బీటా ట్రై కాల్షియం ఫాస్ఫేట్ అనే ఇంకో కాల్షియం పదార్థం ఎముకతో బాగా కలుస్తుంది, అయినా ఆ ద్రావణంలో చాలాసార్లు అపటైట్ పెరగదు. దాన్ని వడపోత కింద వాడుకోండి, తీర్పు కింద కాదు.

సరే, మీ పూత కణాలకి నచ్చిందే అనుకుందాం. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది: అది టైటానియానికి అంటుకుని ఉంటుందా? తడి గోడకి వేసిన సున్నం చూశారా, వేసిన రోజు తెల్లగా నిగనిగలాడుతుంది, నాలుగు నెలలకి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. హైడ్రాక్సీ అపటైట్ వేడికి టైటానియం కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. పొయ్యిలోంచి తీసి చల్లారుస్తుంటే అది ఎక్కువ కుంచించుకోవాలని చూస్తుంది, కింద లోహం ఒప్పుకోదు, పూత లాగబడి పగుళ్లిస్తుంది. అందుకే సోల్-జెల్‌లో ఒకేసారి మందంగా వేస్తే పని జరగదు, ఒక్కో పొర మైక్రాన్ లోపే ఉంచి, నెమ్మదిగా చల్లార్చి, మళ్లీ ముంచాలి.

ఆసుపత్రులకి చేరే తుంటి ఇంప్లాంట్లలో ఎక్కువగా ఉండేది ప్లాస్మా స్ప్రే పూత. పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మాలో పొడిని కరిగించి లోహం మీద చిమ్ముతారు, మందం సాధారణంగా 50 మైక్రాన్ల పైనే ఉంటుంది. 1985, 86లలో ఫర్లాంగ్, గీసింక్ లాంటి సర్జన్లు మనుషులకి వాడడం మొదలుపెట్టిన, ఆ పూత ఉన్న కాండాలు (తొడ ఎముకలోకి దిగే ఇంప్లాంట్ కడ్డీలు) ఏళ్ల తరబడి బాగా నిలబడ్డాయి. కానీ అంత వేడికి అపటైట్‌లో కొంత గాజులా మారిపోతుంది, కొంత ట్రై కాల్షియం ఫాస్ఫేట్‌గా, కొంత మన పాత శత్రువు కాల్షియం ఆక్సైడ్‌గా విడిపోతుంది. గాజులా మారిన భాగం ఒంట్లో త్వరగా కరుగుతుంది. కొంచెం కరిగితే మంచిదే, కాల్షియం వదిలి ఎముకను పిలుస్తుంది. ఎక్కువ కరిగితే పూత కింద నేల జారుతుంది. ఇదే పూతను దంత ఇంప్లాంట్ల మీద కూడా వేశారు, అక్కడ మాత్రం పూత కరగడం, ఊడడం, నోటి సూక్ష్మజీవుల బెడద కలిసి మోజు తగ్గింది, ఇప్పుడు ఎక్కువగా ఇసుక చిమ్మి ఆమ్లంతో తినిపించిన గరుకు టైటానియమే నడుస్తోంది. గరుకుతనం సగటున 1 నుంచి 2 మైక్రాన్ల మధ్య ఉంటే ఎముక పట్టు బాగుంటుందన్నది అక్కడ తేలిన లెక్క. చూశారా, అదే పదార్థం తుంటిలో హీరో, దవడలో కాదు.

అతుకు బలానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13779 కనీసం 15 మెగాపాస్కల్స్ అడుగుతుంది. మీరు ఆ లాగుడు పరీక్ష చేసేటప్పుడు జిగురు పూత రంధ్రాల్లోంచి దిగి లోహాన్ని పట్టేసుకుంటే అంకె అమోఘంగా వస్తుంది, అది మీ పూత బలం కాదు, జిగురు బలం. విరిగిన ముఖాన్ని మైక్రోస్కోపులో చూడకుండా ఆ అంకె ఎక్కడా రాయొద్దు.

నానోట్యూబుల గురించి. ఫ్లోరైడ్ ఉన్న ద్రావణంలో టైటానియానికి కరెంటు పెడితే ఆక్సైడ్ పొర తేనెపట్టులా గొట్టాలు గొట్టాలుగా పెరుగుతుంది, 450 డిగ్రీల దగ్గర వేడి చేస్తే అనటేజ్ అనే స్ఫటిక రూపంలోకి వస్తుంది. చూడడానికి ఎంత అందంగా ఉంటుందో, ఫలితాలు అంత గజిబిజి. 15 నానోమీటర్ల గొట్టాలే మంచివి, 100 దగ్గర కణాలు చచ్చిపోతాయని ఒక వర్గం 2007లో చూపించింది. కాదు, 70 నుంచి 100 మధ్యే ఎముక వైపు పరిణతి ఎక్కువని ఇంకో వర్గం చూపించింది. నా అభిప్రాయం అడిగితే ఇద్దరూ నిజమే చెప్పారు, కణాలు వేరు, గొట్టాల స్ఫటిక రూపం వేరు, శుద్ధి చేసిన పద్ధతి వేరు. మిగిలిపోయిన ఫ్లోరైడ్ కూడా లెక్కలోకి వస్తుంది. పైగా స్క్రూను ఎముకలోకి బిగించేటప్పుడు ఆ గొట్టాలు నిలుస్తాయా అన్నది బిళ్ల మీద ఎప్పటికీ తెలియదు. మీ గైడ్ చెప్పింది తప్పని కాదు, అది ఇంకో థీసిస్.

పెప్టైడ్ సంగతి క్లుప్తంగా: ఆర్జీడీ అతికిస్తే సీరం లేని ప్లేటులో అద్భుతం. సీరం రాగానే పైన ప్రోటీన్లు కప్పేస్తాయి, తేడా కరిగిపోతుంది. స్టెరిలైజ్ చేసినప్పుడు అది బతుకుతుందా అన్నది ఇంకో ప్రశ్న. స్టెరిలైజేషన్ అంటే గుర్తొచ్చింది, కొలతలన్నీ స్టెరిలైజ్ చేసిన తర్వాతి బిళ్లల మీద తీయండి. ఆటోక్లేవ్ ఆవిరిలోని మురికి కూడా ఉపరితలాన్ని మారుస్తుంది. ఎవరైనా వెండి కలపమంటే మోతాదు చూసుకోండి, కాస్త ఎక్కువైతే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాక్టీరియాతో పాటు ఎముక కణాలూ పోతాయి.

పీక్ విషయంలో మాత్రం ఆ చెప్పినాయన మాటలో పస ఉంది, కానీ మీ సమస్యకి కాదు. పీక్ గట్టిదనం 3, 4 గిగాపాస్కల్స్, గ్రేడ్ 5 టైటానియం 110 దాకా ఉంటుంది, మన గట్టి ఎముక 20కి అటూ ఇటూ. టైటానియం బరువంతా తానే మోసి పక్క ఎముకను సోమరిని చేస్తుంది, పీక్‌తో ఆ బెడద తక్కువ. అయితే దానికి నీళ్లు అంటవు, ఎముక బదులు చుట్టూ పీచు కణజాలం పెరుగుతుంది. నిజంగా పూత అవసరమైన పదార్థం అదే, అందుకే దాని మీద టైటానియమో అపటైటో వేస్తుంటారు. కానీ అది 343 డిగ్రీల దగ్గర కరిగే పాలిమర్, మీ సోల్-జెల్ పొయ్యిలో పెడితే పూత ఉంటుంది, కింద పీక్ ఉండదు.

ఇంకొకటి, ఇంప్లాంట్ కదలకుండా ఉండాలి. ఎముక దగ్గర కదలిక 50 మైక్రాన్ల లోపు ఉంటే ఎముక పడుతుంది, 150 దాటితే ఏ పూత వేసినా పీచే పెరుగుతుంది. పూత గొప్పతనం కనపడేది ఇంప్లాంట్‌కీ ఎముకకీ మధ్య చిన్న సందు మిగిలినప్పుడు. అపటైట్ పూత ఉంటే ఒక మిల్లీమీటరు దాకా సందును ఎముక దాటి రాగలదు. మీ థీసిస్‌లో "ఎందుకీ పూత" అన్న పేరాకి నిలబడే కారణం అదే.

కాబట్టి ఈ వారం చేయాల్సింది: పూత ఉన్నవీ లేనివీ ఒకే రోజు శుభ్రం చేసి, ఒకే పద్ధతిలో స్టెరిలైజ్ చేసి, సగం బిళ్లలను ముందుగా నానబెట్టి, సగం నానబెట్టకుండా అదే పరీక్ష మళ్లీ చేయండి. మరుసటి రోజు పొద్దున ప్లేటు తీయగానే మీడియా రంగు ఫోటో తీయండి. పూతను ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉంచారో మీరు రాయలేదు, అది రాసి, డిఫ్రాక్షన్ గ్రాఫు కూడా ఇక్కడ పెట్టండి. 30 నుంచి 40 డిగ్రీల మధ్య భాగాన్ని కొంచెం పెద్దది చేసి పెడితే 37.4 దగ్గర ఏముందో చూసి చెప్తాను.